బంతి పూయని మైలు

"ఎవరండీ మీరు? మా మొక్కలెందుకు పీకుతున్నారు?"

కారు డోరైనా వేయకుండా దిగి అడిగింది గిరిజ.

ముక్కాలిపీట మీద కూర్చున్న పెద్దాయన తలెత్తాడు. ఒళ్లో గుప్పెడు బంతి నారు ఉంది.

"తెలుగువాళ్లేనా అమ్మా? సంతోషం," అని ఇంకో మొక్క పీకాడు.

గిరిజకి ఒళ్లు మండింది.

మండదా మరి! అరిజోనా ఎడారిలోంచి వెళ్లే ఆ రోడ్డును చూడ్డానికే ఎక్కడెక్కడినుంచో జనం వస్తారు. అందులో ఒక మైలు బాగోగులు చూసే పని అక్కడి జిల్లా పాలన చూసే కౌంటీవాళ్లు ఈ ఏడే గిరిజావాళ్ల తెలుగు సంఘానికి ఇచ్చారు. ఉగాదికి సంఘం పేరుతో బోర్డు పెడతారు. ఆ వేళకి రోడ్డుకి రెండువైపులా బంతిపూలు విరగబూయాలని గిరిజ పంతం. ప్రతి శనివారం మొగుడు జగన్మోహన్ చేత క్యాన్లతో నీళ్లు మోయిస్తోంది.

"ఎవరి నాన్నగారు మీరు?" అంది. అమెరికాలో తెలుగు పెద్దాయన కనిపిస్తే, ఆరు నెలలకి పిల్లల దగ్గరికొచ్చి పొద్దుపోక తిరిగే మనిషే అని ఆమె లెక్క.

ఆయన నవ్వాడు. "ఎవరి నాన్ననీ కాదమ్మా. నా పేరు బ్రహ్మయ్య."

"చూడండి బ్రహ్మయ్యగారూ, ఇక్కడన్నీ ఎండుపుల్లలూ ముళ్లూ. కాస్త కలర్ ఉండొద్దా?"

"ఆ పుల్లలు చావలేదమ్మా. టైమొస్తే అవే పూస్తాయి. నువ్వు నీళ్లు పోస్తే పరాయి గడ్డి లేస్తుంది. జూన్‌లో అది ఎండి అంటుకుందంటే వీటిలో ఒక్కటీ మిగలదు."

ఆయన చెయ్యి చూపిన వైపు మూడు నిలువుల ఎత్తు సవారో జెముళ్లు నిలబడి ఉన్నాయి.

"కొన్ని మా తాత కంటే పెద్దవి," అన్నాడు మురిపెంగా.

"గిరిజా, పెద్దాయన చెప్పేది విందాం," గొణిగాడు జగన్మోహన్.

"మీరు క్యాన్ పట్టుకురండి," అంది గిరిజ.

ఆ తర్వాత నెల్లాళ్లు అదే తంతు. ఈమె నాటడం, ఆయన పీకడం. పీకుతూనే, "టోపీ లేకుండా వస్తావేం తల్లీ, మాడిపోతావు," అని కోప్పడేవాడు. ఒకరోజు తన టోపీయే తీసి ఇచ్చాడు. గిరిజ మూతి ముడుచుకునే పెట్టుకుంది.

ఆ పై శనివారం వచ్చి చూస్తే మైలంతా ఒక్క బంతిమొక్క లేదు. గిరిజ అక్కడే ఫోన్ తీసి కౌంటీకి కంప్లయింట్ పెట్టింది. ఒక ముసలాయన మా మొక్కలన్నీ పీకేస్తున్నాడు, ఇటు రానివ్వకండి అని.

రెండు శనివారాలు బ్రహ్మయ్య రాలేదు. గెలిచానని సంబరపడాల్సింది పోయి, గిరిజకి మళ్లీ విత్తనాలు చల్లబుద్ధే కాలేదు. మాటిమాటికీ ఆ పీట ఉండే చోటుకే చూపు పోయేది. మూడో శనివారం, ఆయన వస్తే పెడదామని పులిహోర డబ్బా తెచ్చింది.

ఆయన లేడు. కౌంటీ ఆఫీసర్ ఒకావిడ ఉంది.

"మీ కంప్లయింట్ చూసే వచ్చాను. ఇక్కడ బయటి మొక్కలు నాటకూడదని అగ్రిమెంట్‌లో ఉంది. ఒక్క బంతిమొక్క కనిపించినా ఈ మైలు వెనక్కి తీసుకోవాల్సిందే."

ఆ అగ్రిమెంట్ చదవకుండా సంతకం పెట్టింది తనే.

"మైలంతా వెతికాను. ఒక్కటీ లేదు. కాబట్టి ఇది మీదే," అందావిడ.

గిరిజ తలెత్తి చూసింది. ఎండుపుల్లలనుకున్నవాటి కొసలన్నీ ఎర్రగా పూసి ఉన్నాయి.

"నా కంప్లయింట్ సంగతి బ్రహ్మయ్యగారికి తెలుసా?"

"ఫోన్ చేసి చెప్పాం. గట్టిగా నవ్వారు."

"ఆయన ఇల్లెక్కడ? నేను వెళ్లి కలవాలి."

ఆవిడ చేతిలోని ఫైలు తెరిచింది. "బ్రహ్మయ్య పోయిన వారం చనిపోయారు. గుండెజబ్బు. ముప్పై ఏళ్లు ఈ మైలు చూసుకున్నది ఆయనే. ఇక చేతకాదని వదిలేసేటప్పుడు, ఎవరికివ్వాలో కూడా రాసిచ్చారు."

ఫైల్లోంచి ఉత్తరం తీసి అందించింది.

గిరిజ తలమీది టోపీ తీసి గుండెకి ఆనించుకుని చదివింది.

"ఈ మైలు మా తెలుగువాళ్లకే ఇవ్వండి, మొదట్లో నాలాగే బంతి విత్తనాలు చల్లుతారు, వాటిని పీకే ఓపిక ఉన్నన్నాళ్లూ నేను వస్తాను."