శత్రువు ఓపిక

"ఇంకా నాలుగు నిమిషాలుందిరా. ఊరికే నొక్కకు, మౌస్ అరిగిపోతుంది," అంది అక్క.

తమ్ముడు చెయ్యి తీశాడు. ఉదయం పదింటికి సమీక్షలన్నీ ఒక్కసారే బయటపడతాయి. అప్పటిదాకా ఏ విమర్శకుడూ నోరు విప్పకూడదని ఒప్పందం. నలుగురి మార్కులూ కలిపి సగటున వందకి ఎనభై వస్తే, ఆటను అమ్మిపెట్టే కంపెనీ రెండో భాగానికి సాయంత్రం సంతకం పెడుతుంది. డెబ్బైతొమ్మిది వచ్చినా ఈ ఆఫీసు మూతే. ఇందులో పనిచేసే పదకొండుమందీ తలో దిక్కూ చూసుకోవాలి. ఆ పదకొండుమందికీ ఆవిడ అక్కే, ఆవిడ మొగుడు బావే. సొంత తమ్ముడు మాత్రం ఒక్కడే.

ఆట పేరు 'దండు'. పైనుంచి పటం చూస్తూ దళాల్ని నడిపించాలి. అక్కర పడితే ఏదో ఒక సిపాయిలోకి పరకాయప్రవేశం చేసి తుపాకీ పేల్చాలి. ఎత్తుగడల్నీ కాల్పుల్నీ ఇలా ఒకే ఆటలో కలపబోయి, రెండు పడవల మీద కాళ్లు పెట్టి మునిగినవాళ్లు చాలామందే ఉన్నారు. తమది మునగదని అక్క ధైర్యం. మన ఎత్తుకి తనంతట తానే పైఎత్తు వేసే శత్రువు బుర్ర అందులో ఉంది. అది బావ మూడేళ్ల కష్టం.

బావ తెర వైపు చూడకుండా కిటికీ దగ్గర నిలబడ్డాడు.

పది కొట్టింది.

"చదవరా," అంది అక్క కళ్లు మూసుకుని.

"మొదటాయన ఎనభైరెండు. 'కాల్పులు మామూలే. శత్రువు మాత్రం వణికించాడు. గోడ మీద నిలబడి చూస్తాడంతే. ఎప్పుడు కదులుతాడో తెలియదు!'"

"విన్నారా!" అని మొగుడి వైపు తిరిగింది అక్క. బావ నవ్వబోయి ఆగిపోయాడు.

"రెండోది డెబ్బైఆరు. 'వంతెనను కావాలనే ఖాళీగా వదిలాడు. ఉచ్చు అని పసిగట్టి చుట్టూ తిరిగి వెళ్లాను.' మూడోది ఎనభైఅయిదు. 'ముందుగా తుపాకీ ఎత్తని శత్రువు! యుద్ధం గురించి ఇంతకన్నా ఏం చెప్పాలి?'"

చదువుతున్నకొద్దీ తమ్ముడి గొంతు సన్నబడింది.

ఇక మిగిలింది ముల్లు. ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. గుచ్చడమే ఆయన వృత్తి. డెబ్బైఏడు రావాలి. రెండేళ్లుగా ఆయన ఏ ఆటకీ డెబ్బై దాటించలేదు.

"చదువు."

"ఎనభైతొమ్మిది, అక్కా. 'ఇరవయ్యేళ్లుగా ఆడుతున్నాను. ఇంత ఓపిక ఉన్న శత్రువును చూడలేదు. భయపడి గంటసేపు పొదలోంచి నేను తల ఎత్తలేదు.'"

బయట హాల్లో కేకలు, ఈలలు. తమ్ముడు మాత్రం లేవలేదు. పక్క తెర మీద ఏదో తెరిచి, అటూ ఇటూ తిప్పి చూశాడు. మొహం సున్నం కొట్టినట్టయింది.

"తలుపెయ్యి అక్కా."

"ఏమైందిరా?"

"బావకి జ్వరమొచ్చిన వారం, విమర్శకుల కాపీలు నేనొక్కణ్ణే తయారుచేసి పంపాను కదా. వాటిలో శత్రువు బుర్ర పనిచెయ్యడం లేదు. ఎక్కడో ఏదో ఆపేసి పంపినట్టున్నాను. ఎదురుగా వెళ్లి నిలబడినా కాల్చడే! వాడిది ఓపికా కాదు, పాడూ కాదు, అసలు చలనమే లేదు."

"మరి నలుగురికీ తెలియలేదా?"

"ఎదురుగా వెళ్లే ధైర్యం ఎవరికుంది? దూరం నుంచే కాల్చి, అమ్మయ్య అనుకున్నారు."

అక్క కుర్చీలో కూలబడింది. "అయితే మీ మూడేళ్ల పని వాళ్లు చూడనే లేదన్నమాట!"

"పోనీవే," అన్నాడు బావ నెమ్మదిగా. "మార్కులు వచ్చాయి కదా. రేపు జనానికీ అదే కాపీ అమ్ముదాం."

"దిష్టిబొమ్మను నిలబెట్టి వీరుడని అమ్మమంటారా?"

"నచ్చిందిగా వాళ్లకి."

"బావా, నువ్వు మరీనూ!" అన్నాడు తమ్ముడు. "నేను ముప్పైసార్లు ఆడితే ఇరవైఎనిమిదిసార్లు చిత్తుచేసింది నీ బుర్ర. సరిగ్గా నేను టీ తాగే టైము చూసి వెనక నుంచి వచ్చేది. అది చూస్తే వందకి వంద వేస్తారు."

అక్క అప్పటికే ఫోన్ తీసింది. బావ చెయ్యి అడ్డం పెట్టినా ఆగలేదు. స్పీకర్ నొక్కి, ముల్లుకి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.



"అంటే నేను గంటసేపు దిష్టిబొమ్మకి భయపడ్డానా అమ్మా?"

"మీరొక్కరే కాదండీ, నలుగురూ."

"ఆ మాటకి నా కడుపేం చల్లబడలేదు." ఆయన గొంతు సవరించుకున్నాడు. "బుర్ర ఉన్న కాపీ ఇప్పుడే పంపండి. నెట్ తీసేసి, ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని మధ్యాహ్నందాకా ఆడతాను. మీరు చెప్పినంతదైతే మార్కులు అలాగే ఉంటాయి, నవ్వులపాలైనా నేనే పడతాను. కాకపోతే మిగతా ముగ్గురికీ, మీ కంపెనీవాళ్లకీ నేనే ఫోన్ చేస్తాను."

ఫోన్ పెట్టేశాడు.

అక్క గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. "ముల్లయినా మనిషేరా! నిజం చెప్తే విన్నాడు." మొగుడి కోసం కుర్చీ లాగింది. "రండి. ఆ బుర్రేదో పెట్టి పంపేయండి. ఈ దెబ్బతో మీ పేరు మోగిపోవాలి."

బావ కూర్చోలేదు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"ఏమండీ? మళ్లీ జ్వరమా?"

బావ తల అడ్డంగా ఊపాడు. తలుపు వేసే ఉందో లేదో ఒకసారి చూసుకుని, నేలకేసి చూస్తూ అన్నాడు:

"ఇన్నాళ్లూ పక్కగదిలోంచి ఆ శత్రువుని ఆడించింది నేనే."