ఒక్కసారి వద్దంటే

"అదేం మర్యాద సరోజినీ! ఒక్కసారి వద్దంటే గిన్నె తీసుకుపోవడమే?"

బొంబాయి నుంచి అప్పుడే తిరువూరు చేరిన జగన్నాథరావు, పప్పన్నం కలుపుకుంటూ భార్య దగ్గర మండిపడుతున్నాడు. ఆయన తోట మామిడికాయలు కొనే షావుకారు, అక్కడ కొత్తగా తెరిచిన జపాను హోటల్లో విందు ఇచ్చాడు.

"కైసెకీ అంటారట. చిట్టి చిట్టి గిన్నెల్లో ఒకదాని తర్వాత ఒకటి తెచ్చారు. మొహమాటానికి వద్దన్నాను. మళ్లీ అడిగితేగా! కడుపు నకనకలాడుతుంటే పడుకున్నాను."

ఆయన వద్దు వద్దంటున్నా సరోజినీదేవి మరో గరిటె పప్పు వడ్డించింది.

"ఇదీ పద్ధతంటే! వద్దన్నవాళ్లని బతిమాలాలని కూడా తెలీదు వాళ్లకి."

"బొంబాయి వస్తావా అని నన్నూ అడిగారు కదండీ," అందామె నెయ్యి వేస్తూ. "నేనూ ఒక్కసారే వద్దన్నాను."