మణికట్టు వైద్యం

"మణికట్టు అలా వంచకు మరిదీ. చెయ్యి తిన్నగా ఉంచి వాయించు" అంది వదిన.

అతను బేస్ గిటార్ పట్టీని ఇంకాస్త బిగించాడు. ఇన్నాళ్ళూ నడుం కిందికి వేలాడిన గిటార్ ఛాతీ దగ్గరికి వచ్చింది. చూసేవాళ్ళకి చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఉంటుందేమో గానీ, ఎడమచేతి మీద బరువు మాత్రం తగ్గింది.

అతనికి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. వారమంతా ఫ్రేములకి కంటికానని మరలు బిగిస్తాడు. ఆదివారం వస్తే స్నేహితులతో కలిసి డ్రమ్ములాయన వ్యాన్ షెడ్డులో పాటలు వాయిస్తాడు. గాయకుడికి చప్పట్లు, మామూలు గిటార్ వాయించే కుర్రాడికి ఈలలు. నాలుగు లావుపాటి తీగల బేస్ వాయించే అతన్ని మెచ్చుకున్నవాళ్ళు లేరు. అతను రాని రోజున మాత్రం డ్రమ్ములాయన, ఇవాళ పాటకి కాళ్ళు నేలకి ఆనడం లేదని విసుక్కుంటాడు. అతనికి ఆ ఒక్క మాట చాలు.

అలాంటిది ఒకరోజు ఎడమ మణికట్టు పట్టేసింది. గిటార్ మాట అటుంచి, దుకాణంలో ఫ్రేమ్ పట్టుకున్నా వేళ్ళు వణకసాగాయి. అన్నం పెట్టే చెయ్యి, దానితో ఆటలొద్దని భార్య భయపడింది. అతను గిటార్‌ని పాత దుప్పట్లో చుట్టి బీరువా మీద పెట్టేశాడు. ఆ పూట అతను కంచంలో అన్నం కెలికి లేచిపోవడం చూసి, భార్యే వాళ్ళక్కకి ఫోన్ చేసింది.

ఆ అక్కే ఈ వదిన, ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు. మంచం పట్టినవాళ్ళని నడిపించడం ఆమె ఉద్యోగం. చెయ్యి చూసి ఏమీ చెప్పలేనని, వాయిస్తుండగా చూడాలని, రోజూ దుకాణం కట్టేశాక గిటార్, స్పీకర్ పెట్టె పట్టుకుని తన ఇంటికి రమ్మని హుకుం జారీ చేసింది.

అతను వెనకాడింది మామగారి గురించి. పక్షవాతం వచ్చినప్పటి నుంచీ ఆయన పెద్దకూతురి దగ్గరే ఉంటున్నారు. ఉత్తరాలు పంచుతూ ఊరంతా నడిచిన మనిషి ఇప్పుడు మంచం దిగరు. అల్లుడి గిటార్ అంటే ఆయనకి మొదటినుంచీ గిట్టదు. దానికి 'డుబుడుబు యంత్రం' అని పేరు పెట్టింది ఆయనే. అదీగాక, జబ్బుపడ్డాక అల్లుడి కంటపడటానికి కూడా ఇష్టపడటం లేదు. ఎప్పుడు వెళ్ళినా గోడవైపు తిరిగి పడుకుంటారు.

"నాన్న సంగతి నాకొదిలెయ్. నువ్వు నీ చెయ్యి చూసుకో" అంది వదిన.

మొదటి వారం వాయించనివ్వలేదు. వేడి కాపడం, వేళ్ళకి రబ్బరు బంతితో కసరత్తు, కూర్చునే తీరు మీద చీవాట్లు. ఆ తర్వాత గిటార్ తీయమంది. స్పీకర్ సౌండ్ బాగా పెంచమంది. సౌండ్ తక్కువైతే వేళ్ళు తెలియకుండానే తీగల్ని గట్టిగా లాగుతాయట.

హుషారుగా ఒక పాట ఎత్తుకున్నాడో లేదో, పక్కగదిలోంచి చేతికర్రతో గోడ మీద టకటకా కొట్టిన చప్పుడు. అతను బిక్కచచ్చిపోయాడు. వదిన మాత్రం నవ్వేసింది.

"ఆయన చెప్పిందీ నిజమే. నొప్పి చేతికి తొందర పనికిరాదు. నెమ్మదిగా వాయించు."

నెమ్మదిగా వాయించాడు. గోడ మీద చప్పుడు ఆగింది. అప్పటినుంచి రోజూ అదే వరస, అదే నిదానం. వాయించి వాయించి అతనికే మొహం మొత్తింది. మధ్యలో వదిన, ఆపకుండా వాయిస్తూ ఉండమని చెప్పి, నాన్నని చూసొస్తానంటూ తలుపు చేరవేసుకుని లోపలికి వెళ్ళేది. పెద్దాయన్ని బుజ్జగించడానికి పాపం ఎన్ని తంటాలు పడుతోందోనని అతనికి సిగ్గేసేది.

సిగ్గు మాటెలా ఉన్నా నొప్పి తగ్గుముఖం పట్టింది. మరలు మళ్ళీ మాట వినసాగాయి. ఆదివారాలు షెడ్డుకి వెళ్ళడం మొదలైంది. అయినా వదిన రోజూ రమ్మంటూనే ఉంది. ఒళ్ళు దాచుకోకుండా అంత శ్రద్ధగా చూసే మనిషికి రానని చెప్పడానికి అతనికి నోరు రాలేదు. మా అక్క నీకు దొరకడం నీ అదృష్టమని భార్య అంటే, కాదని వాదించనూ లేదు.

ఆ ఏడాది లైబ్రరీ వార్షికోత్సవంలో వాళ్ళ బృందానికి అవకాశం వచ్చింది. సాయంత్రమంతా వాయించినా మణికట్టు కిమ్మనలేదు. మర్నాడు అతను గిటార్ లేకుండా, చేతిలో పళ్ళబుట్టతో వదిన ఇంటికి వెళ్ళాడు. దారంతా కూడబలుక్కున్న మాటలు ఆమె ఎదురుపడగానే చెప్పేశాడు.

"ఒక్క వేలు కూడా నొయ్యలేదు వదినా. ఇక గిటార్ ముట్టుకోలేననే అనుకున్నాను. మీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదు."

వదిన బుట్ట అందుకుని అతని వెనక్కి తొంగిచూసింది.

"గిటార్ ఏది?"

"ఇంకెందుకని తేలేదు. చెయ్యి పూర్తిగా తగ్గిపోయిందిగా."

"నీ చెయ్యి ఎప్పుడో తగ్గిపోయింది మరిదీ. రేపు మర్చిపోకుండా తీసుకురా. ఇంకో నెల నీ దరువుకి అడుగులేస్తే మెట్లు కూడా దిగొచ్చు."

ఎవరు దిగేదని అడగబోతుండగా పక్కగది తలుపు తెరుచుకుంది.

గుమ్మంలో మామగారు నిలబడి ఉన్నారు.