పది మంది నడిచిన చోటు

ముసలాయన చీపురు అడ్డం పెట్టి వ్యాను ముందు నిలబడ్డాడు.

నిబాల్దో బ్రేకు తొక్కాడు. వెనక తొమ్మిది మంది ఒకరి మీద ఒకరు పడ్డారు.

"ఇటు పోకూడదు. దిగి, ఆ స్తంభం చుట్టూ నడవండి," అన్నాడు ముసలాయన.

స్తంభం కిలోమీటరు దూరం. రాళ్ళ సుడి మాత్రం ఎదురుగానే, రాయి విసిరితే పడేంత దూరంలో ఉంది.

నలభై ఏళ్ళ కిందట ఎవరో విదేశీ కళాకారిణి గీత గీసి ఇస్తే, పది మంది కూలీలు ఎడారి నేల మీద నల్లరాళ్ళు పేర్చి చేసిన సుడి అది. ఆ పది మందిలో రెమీహియో ఒకడు. ఆయన కూతురు యస్నా ఇప్పుడు ఈ వ్యానులో ఉంది.

అప్పటికి యస్నాకు మూడేళ్ళు. నాన్న ముఖం గుర్తు లేదు. ఇంట్లో ఒక్క ఫొటో కూడా లేదు.

ఆంతోఫగాస్తా ఊళ్ళో తన వీధివాళ్ళను పోగుచేసి ఈ ప్రయాణం పెట్టింది ఆమే. ఒకరికి ఉప్పు గుహ కావాలి, ఒకరికి గులాబీ కొంగల మడుగు కావాలి. అవన్నీ నిన్న అయిపోయాయి. ఆమెకు నాన్నది ఏదైనా ఒకటి చూస్తే చాలు.

పొద్దున మలుపు దగ్గర ఆగారు. సుడి పూర్తయిన సాయంత్రం కూలీల లారీ బోల్తా కొట్టింది అక్కడే. పది మందీ పోయారు. రోడ్డు మీద పోయినవాళ్ళకు కట్టినట్టే, వాళ్ళ పేర అక్కడొక చిన్న గుడిలాంటి గూడు కట్టారు. దారిలో ఎవరి గూడు కనబడినా నిబాల్దో మూడుసార్లు హారన్ కొట్టందే కదలడు. ఇక్కడైతే అందరూ దిగి సీసాల కొద్దీ నీళ్ళు పెట్టారు, పోయినవాళ్ళకు దాహం వేస్తుందని.

"ఆ లారీ తోలిన ఎర్మోహెనెస్ మాత్రం ఎక్కడున్నా గొంతు తడవకుండా పోవాలి," అని ఎదెల్మీరా పిన్ని పక్కకు ఉమ్మింది.

"తాగి తోలాడా పిన్నీ?" అన్నాడు నిబాల్దో.

"తాగలేదు. కునుకు తీశాడు. ఏదైతేనేం."

ఇప్పుడు ఆ పిన్నే కిటికీలోంచి తల బయటపెట్టింది. "నా మోకాళ్ళు చూడవయ్యా. అంత దూరం నడిపిస్తే నాకూ ఒక గూడు కట్టాలి."

"మీరు బండిలో కూచోండమ్మా. తక్కినవాళ్ళు నడుస్తారు."

"అసలు ఇటు పోతే ఏమవుద్ది తాతా?" అన్నాడు నిబాల్దో.

"మనుషులు నడిచిన చోటు."

"నేలున్నది నడవడానికేగా." నిబాల్దో చుట్టూ చూశాడు. మిట్టమధ్యాహ్నపు ఎండలో నేల తెల్లగా, బోసిగా ఉంది. "గూడు లేదు, నీళ్ళ సీసా లేదు, ప్లాస్టిక్ పువ్వు లేదు. ఎవరూ పోలేదిక్కడ. చీపురొకటి పట్టుకుని చిల్లర కోసం నిలబడ్డావు. ఏమంటావక్కా?"

యస్నా సుడి వైపే చూస్తోంది.

"పోనీ," అంది.

వ్యాను ముసలాయన్ని తప్పించుకుని ముందుకు కదిలింది. చక్రాల కింద ఉప్పు పొర అప్పడంలా విరిగింది.

సుడి దగ్గర యస్నా వంగి ఒక రాయి తాకింది. ఇంకొకటి తాకింది. వేల రాళ్ళు. నాన్న మోసింది ఏదో ఏ రాయీ చెప్పలేదు.

"నడక మాత్రం అచ్చం మీ నాన్నదే," అంది పిన్ని వెనకనుంచి. "ఆ ఎడమ పాదం చూడు, అలిగి పుట్టింటికి పోతున్నట్టు బయటికి తిరిగి ఉంటుంది."

తిరిగి వస్తుంటే ముసలాయన చక్రాల గుర్తుల మధ్య మోకాళ్ళ మీద ఉన్నాడు.

"ఎడారంతా ఊడ్చేస్తాడు కాబోలు," అన్నాడు నిబాల్దో. అందరూ నవ్వారు.

గంట దూరంలో నాలుగు రోడ్ల దగ్గర హోటల్. యజమానురాలు పులుసు వడ్డిస్తూ అడిగింది.

"అడుగులు చూశారా?"

"ఏ అడుగులు?"

"ఆ ముసలాయన చూపించలేదా? పని అయిపోయిన సాయంత్రం ఆ పది మందీ వరసగా లారీ దాకా నడిచారు. వాన పడని ఉప్పు నేల, అలాగే ఉండిపోయాయి. స్తంభం చుట్టూ తిరిగి వచ్చినవాళ్ళను పక్కన నిలబెట్టి, ఏ అడుగు ఎవరిదో పేరుపేరునా చెప్తాడు."

"ఎవరాయన?"

"ఏమో. పేరడిగితే చీపురు చూపిస్తాడు."

యస్నా చెంచా కింద పెట్టింది.

వ్యాను వెనక్కి తిరిగింది. ఈసారి నిబాల్దో రోడ్డు మీదే ఆపాడు. వాలు ఎండలో, మధ్యాహ్నం కనబడనివి కనబడుతున్నాయి. రెండు చక్రాల చాళ్ళు. వాటి అంచున ఒకచోట మడమ, ఒకచోట వేళ్ళు.

ముసలాయన చిన్న కుంచెతో ఉప్పు పెళ్ళలు ఏరుతున్నాడు.

"రెమీహియోది ఏది తాతా?" అంది యస్నా.

ఆయన వేలు చూపించాడు. రెండు చాళ్ళ మధ్య ఒకే ఒక్క ఎడమ పాదం మిగిలింది. బయటికి తిరిగి ఉంది.

యస్నా దాని పక్కన కూర్చుండిపోయింది. ఆయన ఆమె ఎడమ పాదం వైపు చూసి తల దించుకున్నాడు.

"ఒక గూడైనా కట్టి ఉండాల్సింది తాతా," అన్నాడు నిబాల్దో. "నాలుగు సీసాలు కనబడితే ఆగిపోయేవాణ్ణి."

"పోయింది మలుపు దగ్గర," అన్నాడు ముసలాయన. "ఇక్కడ ఇంకా నడుస్తున్నారు."

పిన్ని కుంటుకుంటూ వచ్చి, తన సీసా మూత తీసి ఆయన చేతికిచ్చింది.

"పొద్దుటినుంచీ ఎండలో ఉన్నావు. ముందు గొంతు తడుపుకో అన్నా."

ఆయన రెండు చేతులా పట్టుకుని తాగాడు.

"నీ పేరేంటి?" అంది పిన్ని.

ఆయన చెయ్యి చీపురు వైపు వెళ్ళి ఆగింది. టోపీ తీసి, "ఎర్మోహెనెస్ అమ్మా, ఆ లారీ తోలినవాణ్ణి," అన్నాడు.