తోడికోడలి క్రీము

తోడికోడలి బుగ్గలు నిగనిగలాడుతుంటే పెద్దకోడలికి అన్నం సయించడం లేదు. అందుకే చిన్నకోడలు స్నానానికి వెళ్లగానే, అద్దం ముందున్న ఆమె క్రీము తీసి రోజూ మెత్తుకుంటోంది. ముఖం జిడ్డోడుతోందే గానీ, నవ్వితే చర్మం బిగుసుకుపోతూనే ఉంది. పైగా మొటిమలు!

ఇవాళ దొరికిపోయింది.

స్కిన్ క్లినిక్‌లో పనిచేసే చిన్నకోడలు కోప్పడలేదు. దగ్గరికొచ్చి ఆమె బుగ్గను వేళ్లతో మెల్లగా నొక్కింది. సన్నటి ముడతలు లేచాయి.

"అక్కా, నాది పొడిచర్మం. నూనె ఊరదు, అందుకే ఈ జిడ్డు క్రీము. నీకు నూనె బోలెడుంది, లేనిది నీళ్లే. ముఖం తడిగా ఉండగానే పల్చటి జెల్ రాసుకో, చాలు."

"అంత తెలిసినదానివి ఇన్నాళ్లూ చెప్పలేదేం? నీకంటే బాగుంటానని కుళ్లా?"

"చెబితే వింటావా నువ్వు? అందుకే రోజూ నీ బ్యాగులో నీళ్ల సీసా పెడుతున్నా. ఖాళీగా తిరిగొస్తోంది కదా, తాగుతున్నావనుకున్నా."

పెద్దకోడలు తాగితే కదా! అత్తగారి దగ్గర మార్కులు కొట్టేయడానికే పెడుతోందని, ఆఫీసుకు వెళ్లగానే ఆ సీసాను కసిగా కిటికీ పక్క కుండీలో వంపేస్తోంది. ఆ మొక్క ఆకుల నిగనిగను ఆఫీసంతా మెచ్చుకుంటారు.

ఇప్పుడు ఆ మొక్కను తలుచుకుంటే కడుపు మండిపోతోంది.