బూడిద తెగులు

నూకరత్నం చిక్కుడుపాదుకు తెగులు పట్టిందనీ, గోడ దూకకముందే దాన్ని పీకించాలనీ పక్కింటి పారమ్మ వీధంతా చెప్పుకొచ్చిందట. మధ్యాహ్నానికల్లా ఇంటింటి మొక్కకూ రోగం చెప్పే ఆకుడాక్టరు మర పెరట్లో దిగింది. ఆ నాటు చిక్కుడు విత్తనం ఊళ్లో మరెవరి దగ్గరా లేదు. విత్తనం తీయడానికి కాయలింకా ముదరలేదు.

"బూడిద తెగులు. పీకేయాలి," అంది మర.

"తెగులు కాదు బాబూ, పేనుబంకకని నాను జల్లిన పొయ్యి బూడిద!" నూకరత్నం ఒక ఆకును కొంగుతో తుడిచి, పచ్చగా చూపించింది.

"బూడిదేనని మీరే ఒప్పుకున్నారు," అంటూ మర పాదును వేళ్లతో సహా లాగేసింది.

"మర తప్పు సెప్తాదేటి వదినా?" గోడ మీంచి పారమ్మ సాగదీసింది.

"దానికంటే తెల్దు. నాను బూడిద జల్లతంటే ఈ గోడ మీంచే సూసి నవ్వినావు కదే, నీకూ తెల్దేటి?"