ఎవరడిగినా లేదనండి

"మూటలో ఏముందమ్మా?"

బస్సులో పక్క సీటు మనిషి అంత మెల్లగా అడిగేసరికి పంకజాక్షి మూటను కాళ్ళతో దగ్గరికి లాక్కుంది.

"బిడ్డ గుడ్డలు" అంది.

కాళ్ళ కింద పాత చీరలో చుట్టి ఉన్నది జపాన్ మిక్సీ. పొద్దున మద్రాసు హార్బరు పక్క బజారులో కొన్నారు. ఫారిన్ సరుకు, బిల్లు లేదు. అంగడాయన దాన్ని చీరలో చుడుతుండగానే బయట పోలీసు విజిల్ వినబడింది.

"బిరబిరా పోయి తిరుపతి బస్సెక్కండి. దారిలో ఎవరడిగినా లేదనండి" అని మూట చేతిలో పెట్టి, షట్టరు దించేశాడు.

అందుకే దాచిపెడుతోంది.

మోజు పడి కొన్నది కాదు. ఆదివారం కొండ మీద బిడ్డకు పుట్టెంట్రుకలు, ఆ తర్వాత ఇంట్లో విందు. చుట్టాలంతా దిగుతారు. ఎప్పుడూ రోలు దగ్గర కూర్చునే అత్త కుప్పమ్మ జారిపడి చేతికి కట్టు కట్టించుకుంది. చంకలో బిడ్డతో అంతమందికి వడపిండి ఒక్కతే ఎలా రుబ్బాలని పంకజాక్షి దిగులు పడుతుంటే, భర్త జయరామ్ మద్రాసుకు బయల్దేరదీశాడు.

"జపాన్ సామాను ఏమన్నా ఉండాదా తల్లీ?" ఆ మనిషి మళ్ళీ గుసగుసలాడాడు.

"మా కాడ ఏమీ లేదప్పా" ఈసారి జయరామ్ అందుకున్నాడు.

ఆయన నమ్మినట్టు లేడు. ఒళ్ళో బరువైన గోనెసంచీ. దాన్ని ఒక తొడ మీంచి ఇంకో తొడ మీదికి మార్చుకుంటూ మూట వంకే చూస్తున్నాడు. బిడ్డ మాత్రం ఆయన వేలు పట్టుకుని బోసినోటితో నవ్వుతున్నాడు.

"ఆఫీసరే" జయరామ్ భార్య చెవిలో అన్నాడు. "మఫ్టీలో వచ్చినాడు."

"ఆ సంచీలో ఏముంటాది?"

"బేడీలు."

"అంత బరువా?"

"బస్సులో అందరికీ తెచ్చినాడేమో."

తడ చెక్‌పోస్టులో బస్సు ఆగింది. ఇద్దరు పైకెక్కి సంచులు తడుముతూ వస్తున్నారు. పంకజాక్షి బిడ్డను గుండెకు అదుముకుని ఏడుకొండలవాడికి మనసులోనే మొక్కుకుంది.

పక్క సీటు మనిషి కాళ్ళు చాపి, పంచె అంచు మూట మీద పరిచి, కళ్ళు మూసుకున్నాడు. తనిఖీ వాళ్ళు ఆయన్ని దాటి వెళ్ళిపోయారు.

"సూసినావా, వాళ్ళకు దక్కనీలేదు. పట్టుకున్న పేరంతా తనకే రావాలని" జయరామ్ పళ్ళు నూరాడు.

కాళహస్తిలో బస్సు నిలిచింది. ఆయన నవ్వుతూ లేచి సంచీ భుజానికెత్తుకున్నాడు.

"ఇంక భయం లేదు. టీ తాగొస్తా. వచ్చినాక తీరిగ్గా మాట్లాడుకుందాం."

ఆయన అటు దిగాడో లేదో, వీళ్ళు ఇటు దిగి, కదలబోతున్న ఇంకో తిరుపతి బస్సెక్కారు. పంకజాక్షి కిటికీలోంచి చూసింది. ఆయన టీ గ్లాసు వదిలేసి, సంచీ మోసుకుంటూ పరుగెత్తుకొస్తున్నాడు.

"అమ్మా, ఆగండి. ఒక్క మాట."

"కండక్టరప్పా, రైట్ సెప్పు" అన్నాడు జయరామ్.

బస్సు మలుపు తిరిగాక ఇద్దరూ కడుపుబ్బా నవ్వుకున్నారు. బిడ్డ ఒక్కడే వెనక్కి చూస్తూ ఏడ్చాడు.

శనివారం మిక్సీని పీట మీద పెట్టి పసుపు కుంకుమ పూశారు. కుప్పమ్మ ఎదురుగా కూర్చుంది. కొబ్బరి, మిరపకాయలు వేసి జయరామ్ స్విచ్చి నొక్కాడు.

అది తిరగడం కాదు, కూత పెట్టింది. మూత ఎగిరి చట్నీ దూలానికి అంటుకుంది. ఆపేలోపే గుప్పున పొగ, కమురు వాసన. ఇల్లంతా కరెంటు పోయింది.

"ఇది సట్నీ సేసేదా, రాకెట్టా?" కుప్పమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "మన మిరపకాయలకు తట్టుకోలేక పానం ఇడిసినట్టుండాది."

పంకజాక్షి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కుప్పమ్మ గొంతు మెత్తబడింది.

"ఏడుస్తావెందుకే, రోలు యాడికీ పోలేదు గదా. బిడ్డను ఇట్ల ఇయ్యి, నేను ఎత్తుకుంటా. రేపు వచ్చే ఆడోళ్ళు ఊరికే కూర్సుంటారా? తలా ఒక వాయి రుబ్బుతారు."

అలాగే రుబ్బారు. వాయికొక ఎగతాళితో, జపాన్ వాడిని తలుచుకుని నవ్వుకుంటూ రుబ్బారు. వడలు బాగా కుదిరాయి.

విందు హడావుడి తీరాక, కాలిన మిక్సీతో, గుండు బిడ్డతో మళ్ళీ మద్రాసు వెళ్ళారు.

"ఏమప్పా, పనికిరాని సరుకు అంటగట్టినావే" జయరామ్ గొంతు పెంచాడు.

అంగడాయన మిక్సీని వాసన చూశాడు.

"నేరుగా ప్లగ్గులో పెట్టినారా?"

"మరి యాడ పెట్టాల?"

"ఇది జపాన్‌ది నాయనా. వాళ్ళ కరెంటు నూరు వోల్టులే. మన ఇండ్లల్లో వచ్చేది దానికి రెండింతల పైన. మధ్యలో కరెంటు తగ్గించే ఇనప పెట్టె ఒకటి ఉండాల."

"ఇచ్చుంటే గదా పెట్టేది."

"ఆ పొద్దు పోలీసు గోలలో అది ఈడనే ఉండిపోయింది." అంగడాయన తెర వెనక్కి తిరిగి కేకేశాడు. "అన్నా, ఆ తిరుపతి వాళ్ళు వచ్చినారు. దిగులు పడొద్దమ్మా, తీగ మళ్ళీ సుట్టిస్తే మోటారు తిరుగుతాది."

తెర కదిలింది.

పంకజాక్షి చంకలో బిడ్డ కేరింతలు కొట్టి చేతులు చాపాడు.

"ఇప్పుడన్నా తీసుకుంటారా తల్లీ?" అంటూ, అదే గోనెసంచీలోంచి ఇనప పెట్టెను పైకి తీస్తూ, బస్సులో పక్క సీటు మనిషి బయటికొచ్చాడు.